49 ఆంపియర్ల మాస్‌ఫెట్ 15 ఆంపియర్లకే ఎందుకు పోతోంది?

హార్బర్ కుర్రాడు · జూన్ 24, రాత్రి 9.42

అందరికీ నమస్కారం. విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర బోట్లకు వైరింగ్, బ్యాటరీలు, పంపులు చూస్తుంటాను. చదివింది ఐటీఐ. ఎలక్ట్రానిక్స్ సొంతంగా, తగలబెట్టుకుంటూ నేర్చుకున్నది.

ఒక బోటు యజమాని డెక్కు, పట్టిన సరుకు కడగడానికి 24 వోల్టుల డీసీ పంపు పెట్టించుకున్నారు. పూర్తి వేగంతో కొడితే నీటి ధాటికి రొయ్యలు చితికిపోతున్నాయని, వేగం తగ్గించే ఏర్పాటు చేయమని అడిగారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ తీరికలో బోర్డు తయారు చేశాను. 555 టైమర్, దాని వెనక గేటు డ్రైవర్ చిప్, చివర ఐఆర్ఎఫ్‌జడ్44ఎన్ మాస్‌ఫెట్ ఒకటి. మాస్‌ఫెట్ అంటే ఎలక్ట్రానిక్ స్విచ్చు, గేటు దాన్ని ఆన్, ఆఫ్ చేసే కాలు. 20 కిలోహెర్ట్‌జ్ పీడబ్ల్యూఎం, అంటే సెకనుకు 20 వేల సార్లు కరెంటు ఇచ్చి, ఆపి వేగం తగ్గించడం. వారు వాడే వేగంలో మోటారు వైరులో కరెంటు 15 ఆంపియర్లు. క్లాంప్ మీటరుతో చూసిన లెక్క ఇది.

తయారీదారు ఇచ్చే వివరాల కాగితం, డేటాషీట్‌లో 55 వోల్టులు, 49 ఆంపియర్లు అని రాశారు. నాది 24 వోల్టులు, 15 ఆంపియర్లు. వోల్టేజీ సగం కూడా లేదు, కరెంటు మూడో వంతు కూడా లేదు. అయినా నిషేధం ముగిశాక మొదటిసారి సరుకుతో తిరిగొచ్చిన రోజు అరగంట ఆపకుండా నడిపేసరికి పోయింది. నాబ్ ఎటు తిప్పినా పంపు పూర్తి వేగంతోనే కొడుతోందని ఫోను చేశారు. విప్పి చూస్తే డ్రెయిన్, సోర్స్, అంటే కరెంటు వచ్చే, పోయే కాళ్లు, ఒకటైపోయాయి.

సరే, చిన్నది వేశానేమో అనుకుని ఐఆర్ఎఫ్3205 వేశాను. 110 ఆంపియర్లది. నిన్న అదీ అలాగే పోయింది. ఒడ్డున నా బల్ల మీద పది నిమిషాలు నడిపితే ఏమీ కాదు. బోటు మీద మాత్రం పోతోంది. యజమాని ముందు తల ఎత్తుకోలేకపోతున్నాను.

అసలుసరుకు · జూన్ 24, రాత్రి 10.05

తమ్ముడూ, ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. దొంగ సరుకు. లోపల చిన్న సిలికాన్ ముక్క పెట్టి పైన పెద్ద నంబరు చెక్కుతారు. ఒక దుకాణంలో నేనూ ఇరవై కొన్నాను, ఇరవైకి ఇరవై అంతే.

పట్టుకునే పద్ధతి చెబుతాను. డ్రెయిన్, సోర్స్ రెండూ కలిపేసి, గేటుకూ వాటికీ మధ్య మల్టీమీటరుతో కెపాసిటెన్స్ చూడు. అసలు 3205 అయితే 3 నానోఫారాడ్‌లకు బాగా పైనే చూపాలి. ఒకటీ ఒకటిన్నర చూపితే లోపల ఉన్నది చిన్న ముక్కే. రెండో పరీక్ష: గేటుకు 10 వోల్టులు ఇచ్చి, డ్రెయిన్ గుండా 5 ఆంపియర్లు పంపి, దాని మీద ఎన్ని మిల్లీవోల్టులు పడుతున్నాయో చూడు. 8 మిల్లీఓమ్‌ల సరుకు కాబట్టి 40 మిల్లీవోల్టులు దాటకూడదు.

రెండు స్పీకర్లు · జూన్ 24, రాత్రి 10.31

గేటుకు ఎంత ఇస్తున్నారు? బ్యాటరీ నుంచి నేరుగా 24 ఇస్తుంటే అదే కారణం. గేటు తట్టుకునేది 20 వోల్టులే. అక్కడ ఉన్నది పల్చటి ఆక్సైడ్ పొర, చిల్లు పడిందంటే మళ్లీ పూడదు.

ఇంకో మాట. డేటాషీట్‌లో వోల్టేజీ ఒక వరుసలో, కరెంటు ఇంకో వరుసలో రాస్తారు. రెండూ ఒకేసారి తీసుకోవచ్చని ఎక్కడా రాయరు. నేను ఆంప్లిఫయర్లు కట్టేవాడిని. 2ఎన్3055 అని పాత పవర్ ట్రాన్సిస్టర్ ఉంది. 60 వోల్టులు, 15 ఆంపియర్లు. గుణిస్తే 900 వాట్లు. కానీ పక్క వరుసలో దాని సామర్థ్యం 115 వాట్లే. అదీ కేసు 25 డిగ్రీల దగ్గర ఉంటేనే. 40 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు, ఎంతసేపు అనేది వేరే గ్రాఫులో ఉంటుంది. సేఫ్ ఆపరేటింగ్ ఏరియా అంటారు దాన్ని. కుర్రతనంలో ఆ గ్రాఫు చూడకుండా నేను కాల్చిన ట్రాన్సిస్టర్లు ఒక డబ్బాకు సరిపోతాయి.

వేడిలెక్క · జూన్ 25, ఉదయం 6.50

ఈ ప్రశ్న మా విద్యార్థులు ఏటా అడుగుతారు, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. 3205 మీద ఉన్న 110 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఎవరూ 110 ఆంపియర్లు పంపి కొలిచిన అంకె కాదది, కాగితం మీద కట్టిన లెక్క.

లోపలి సిలికాన్ జంక్షన్ 175 డిగ్రీలు దాటకూడదు. జంక్షన్ నుంచి కేసు దాకా వేడికి ఎదురయ్యే నిరోధం వాటుకు 0.75 డిగ్రీ. కేసును 25 డిగ్రీల దగ్గర గట్టిగా పట్టి ఉంచగలిగితే 150 డిగ్రీల తేడా, అంటే 200 వాట్లు బయటికి పోతాయి. ఆన్‌లో ఉన్నప్పుడు నిరోధం మామూలుగా 8 మిల్లీఓమ్‌లు. 175 డిగ్రీల వేడిలో అది రెట్టింపు దాటి 16.5 ప్రాంతానికి చేరుతుంది. 200ను 0.0165తో భాగించి వర్గమూలం తీయండి. 110 వస్తుంది. అంతే.

ఇప్పుడు కేసు 100 డిగ్రీలనుకోండి. మిగిలే తేడా 75 డిగ్రీలు, 100 వాట్లు. అదే లెక్క చేస్తే 78 వస్తుంది. డేటాషీట్ రెండో వరుసలో 80 అని ఉన్నది ఇదే. వేడిని గాలికి వదిలే లోహపు ముక్క, అసలు ఆ హీట్‌సింకే లేకుండా గాలిలో నిలబెడితే? గాలి దాకా నిరోధం వాటుకు 62 డిగ్రీలు. మన 40 డిగ్రీల మధ్యాహ్నంలో రెండు వాట్ల పైచిలుకు మాత్రమే పోతుంది, కరెంటు 11 ఆంపియర్ల దగ్గర ఆగిపోతుంది. 110 అని చెక్కిన ముక్కే ఇది, సున్నా ఒకటి ఎగిరిపోయింది.

ఇంకా ఉంది. డేటాషీట్‌లోనే చిన్న అక్షరాల్లో, ప్యాకేజీ పరిమితి 75 ఆంపియర్లు అని రాశారు. సిలికాన్ 110 మోయగలదేమో, దాన్ని కాళ్లకు కలిపే తీగలు మోయలేవు. కేసును 25 డిగ్రీల దగ్గర పట్టి ఉంచే హీట్‌సింకు కూడా లోకంలో దొరకదు. పరుగెత్తే చల్లని నీళ్లలో ముంచినా కష్టమే.

హార్బర్ కుర్రాడు గారూ, మీ హీట్‌సింకు ఎంతది? పెట్టె ఎక్కడ పెట్టారు?

హార్బర్ కుర్రాడు · జూన్ 25, మధ్యాహ్నం 1.20

అందరికీ ధన్యవాదాలు. ఒక్కొక్కటే చెబుతాను.

దొంగ సరుకు అనుమానం: అదే పొట్లంలో మిగిలిన 3205 ఒకటి ఉంది. కెపాసిటెన్స్ 4.9 నానోఫారాడ్‌లు చూపింది. 5 ఆంపియర్లకు 34 మిల్లీవోల్టులు. అంటే అసలుదే అనుకుంటాను.

గేటు: 7812 రెగ్యులేటర్ పెట్టి 12 వోల్టులే ఇస్తున్నాను.

హీట్‌సింకు: పాత యూపీఎస్‌లోంచి తీసినది, రెక్కలున్నది. దాని మీద అంకె లేదు. దాదాపు అదే కొలతలున్న ఒకటి వాటుకు 5 డిగ్రీలని అమ్ముతున్నారు. పెట్టె ఇంజను గది గోడకు బిగించాను. అక్కడ థర్మామీటరు పెడితే 50 చూపింది.

ఇంకొకటి చెప్పడం మరిచాను. నిన్న పోవడానికి కొంచెం ముందు నేను బోటు మీదే ఉన్నాను. చేతికి అంటిన నీటి చుక్క హీట్‌సింకు మీద పడితే చుర్రుమని ఎగిరిపోయింది. ముట్టుకోలేదు, బతికిపోయాను.

కొత్తమీటరు · జూన్ 25, మధ్యాహ్నం 2.08

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. నాది ఫ్యాను రెగ్యులేటర్ సమస్య. 400 వోల్టుల ట్రయాక్ వేశాను, అదే, ఏసీని ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్చు. మన ఇంటి సరఫరా 230 కదా, దాదాపు రెట్టింపు ఉన్నట్టే. అయినా ఉరుములు మెరుపులు వచ్చిన సాయంత్రం పోయింది. ఇది కూడా ఈ వేడి లెక్కేనా?

పాత థైరిస్టర్ · జూన్ 25, సాయంత్రం 5.15

కాదు బాబూ. 230 అనేది తరంగానికి కట్టిన సగటు లాంటి అంకె. తరంగం శిఖరం 325 దగ్గర ఉంటుంది. సరఫరా పది శాతం పెరిగి 253 అయితే శిఖరం 358. నీ 400కు మిగిలింది 42 వోల్టులు. పక్కింటి మోటారు ఆగినా, దూరాన పిడుగు పడినా ఆ 42 ఏ మూలకు చాలుతుంది? ఇంటి సరఫరా మీద 600 వోల్టులకు తక్కువది వాడకు. బీటీ136 600 వోల్టులది ఎక్కడైనా దొరుకుతుంది. సరఫరా వైర్ల మధ్య, హద్దు దాటిన వోల్టేజీని మింగే వేరిస్టర్ ఒకటి కూడా పెట్టు. ఏప్రిల్, మే సాయంత్రాల ఉరుముల వానలకు మన ఊళ్లో అది తప్పనిసరి.

ఇదే కొలత పెద్ద యంత్రాల్లోనూ. డీసీ 600 దగ్గర నడిచే డ్రైవులకు 1,200 వోల్టుల ఐజిబిటి అనే పెద్ద స్విచ్చు వేస్తారు. 1,800 దగ్గర నడిచేవాటికి 3,300 వోల్టులది. దండగ ఖర్చు కాదది. పైగా అధిక వోల్టేజీని రాత్రింబవళ్లు మోస్తూ కూర్చున్న సిలికాన్‌ను కాస్మిక్ కిరణాల నుంచి పుట్టిన న్యూట్రాన్ ఒకటి తాకి, ఏ కారణమూ కనబడకుండా పేల్చేయగలదు. ఎత్తు పెరిగే కొద్దీ ఈ న్యూట్రాన్లు ఎక్కువ. సముద్రమట్టంలో ఉన్న మనకంటే అరకులో ఉన్నవాళ్లకు ఆ బెడద హెచ్చు. కొత్తవాళ్లు ఈ మాట నమ్మరు, నవ్వుతారు. నేనూ మొదట నవ్వినవాడినే.

నిర్వాహకుడు · జూన్ 25, సాయంత్రం 5.40

కొత్తమీటరు గారూ, ఫ్యాను రెగ్యులేటర్‌కు విడిగా చర్చ తెరవండి. ఇక్కడ పంపు విషయం తేలనివ్వండి.

వేడిలెక్క · జూన్ 25, రాత్రి 8.30

ఆ నీటి చుక్క చాలా విలువైన కొలత. చుర్రుమన్నదంటే హీట్‌సింకు 100 డిగ్రీలు దాటింది.

ఇప్పుడు ఎంత ఉండాలో చూద్దాం. 15 వర్గం 225. దాన్ని 8 మిల్లీఓమ్‌లతో గుణిస్తే 1.8 వాట్లు. వేడికి నిరోధం పెరుగుతుంది కాబట్టి 2.7 అనుకుందాం. ఆన్, ఆఫ్ అయ్యేటప్పుడు పోయేది ఇంకో వాటు. మొత్తం నాలుగు వాట్లు దాటదు. వాటుకు 5 డిగ్రీల హీట్‌సింకు మీద 20 డిగ్రీల పెరుగుదల. పెట్టె 50, హీట్‌సింకు 70. వేలు పెడితే చురుక్కుమంటుంది గానీ నీరు ఎగిరిపోదు.

అంటే మనం లెక్కలో వేయని వాట్లు ఎక్కడో ఉన్నాయి. నాలుగు కాదు, పది పైన. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయి? కరెంటు మాత్రం కారణం కాదు. కరెంటు వల్ల వచ్చేదంతా లెక్కలో ఉంది. మాస్‌ఫెట్ ఆఫ్ అయ్యాక మోటారు కరెంటు తిరగడానికి, మోటారుకు అడ్డంగా ఫ్రీవీలింగ్ డయోడ్ పెట్టారా? పెడితే ఎక్కడ?

హార్బర్ కుర్రాడు · జూన్ 25, రాత్రి 9.10

పెట్టాను మేడమ్. మోటారు టెర్మినళ్ల మీదే, రబ్బరు మూత కింద, నేరుగా సోల్డర్ చేశాను. మోటారుకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదని ఎక్కడో చదివాను. బోర్డు నుంచి మోటారు దాకా నాలుగు మీటర్ల వైరు ఉంది. ప్లస్ ఒక పక్క నుంచి, మైనస్ ఇంకో పక్క నుంచి లాగాను, దారి అలా కుదిరింది.

బల్ల మీద పరీక్షించినప్పుడు కూడా అదే వైరు చుట్టగా పెట్టి నడిపాను.

పాత థైరిస్టర్ · జూన్ 25, రాత్రి 9.22

దొరికింది అనుకుంటున్నాను. కానీ ఊహ మీద తీర్పు చెప్పను. ఎవరి దగ్గరైనా స్కోపు, అంటే వోల్టేజీని తెర మీద గీతగా చూపే మీటరు, ఉంటే అరువు తెచ్చి, డ్రెయిన్‌కూ సోర్స్‌కూ మధ్య పెట్టి చూడు. ప్రోబు భూమి తీగ పొడుగ్గా వదలకు, ఆ తీగే అబద్ధాలు చెబుతుంది. సోర్స్ కాలికి ఆనించి పట్టు. పంపు అదే వేగంలో నడవాలి.

అసలుసరుకు · జూన్ 25, రాత్రి 9.50

4.9 నానోఫారాడ్‌లు వచ్చాయంటే అసలుదే, ఒప్పుకుంటున్నాను. కానీ స్కోపు అక్కరలేదు. 3205లు రెండు పక్కపక్కన కలిపి పడేయి, 220 ఆంపియర్లు అవుతుంది. నేనైతే అంతే చేస్తాను.

హార్బర్ కుర్రాడు · జూన్ 27, సాయంత్రం 6.35

మద్దిలపాలెంలో ఉండే స్నేహితుడి కాలేజీ స్కోపు ఒక పూట దొరికింది. అతన్నే బోటు మీదికి తీసుకొచ్చాను. పంపు నడిపి, హీట్‌సింకు వేడెక్కక ముందే చూసి ఆపేశాం.

తెర మీద కనబడింది చెబుతాను. మాస్‌ఫెట్ ఆన్‌లో ఉన్నప్పుడు గీత నేల మీద ఉంది. ఆఫ్ అవగానే నిట్టనిలువుగా లేచి 62 వోల్టుల దగ్గర ఆగింది. సూదిమొనలా ఉంటుందనుకున్నాను. అలా లేదు. కొండ తల కోసేసినట్టు చదునుగా ఉంది. ఆ చదును వెడల్పు రెండు మైక్రోసెకన్లకు కొంచెం తక్కువ. తర్వాత కిందికి పడి, కాసేపు ఊగి, 29 దగ్గర నిలబడింది. ప్రతి చుట్టుకూ ఇదే. ఇంజను నడుస్తోంది కాబట్టి బ్యాటరీ 28 వోల్టుల దగ్గర ఉంది.

55 వోల్టుల మాస్‌ఫెట్ మీద 62 ఎలా నిలబడుతోంది? నిలబడితే అప్పుడే ఎందుకు పోలేదు?

పాత థైరిస్టర్ · జూన్ 27, రాత్రి 8.05

మంచి కొలత, మంచి వర్ణన. ఆ చదునే జవాబు.

నాలుగు మీటర్ల వైరు, పోనూ రానూ దారులు విడివిడిగా. ఇండక్టెన్స్ అంటే కరెంటును ఉన్నట్టుండి ఆగనివ్వని గుణం; మీటరుకు ఒక మైక్రోహెన్రీ చొప్పున 4 మైక్రోహెన్రీలు అనుకుందాం. మోటారులో ఉన్న కరెంటుకు నీ డయోడ్ దారి చూపిస్తోంది, ఆ పని బాగానే చేస్తోంది. వైరులో ఉన్న కరెంటుకు మాత్రం దారి లేదు. వాకిలి మూసేశాక వచ్చే కరెంటు అంతా మాస్‌ఫెట్ మీదే పడుతుంది.

15 ఆంపియర్లను 0.1 మైక్రోసెకనులో ఆపాలని నీ డ్రైవర్ చూస్తుంది. 4 మైక్రోహెన్రీల మీద అలా ఆపితే 600 వోల్టులు పుట్టాలి. అంత పుట్టలేదు, ఎందుకంటే 62 దగ్గర మాస్‌ఫెట్ తనంతట తాను తెరుచుకుంది. దాన్నే అవలాంచ్ అంటారు. డేటాషీట్‌లోని 55 అనేది తయారీదారు హామీ ఇచ్చే కనీస అంకె. నీ చేతిలోని ముక్క 60 దాటాక గాని తెరుచుకోదు.

వెడల్పు సరిచూద్దాం. 62లోంచి బ్యాటరీ 28, డయోడ్ మీది ఒక వోల్టు తీసేస్తే 33 మిగులుతుంది. 4 మైక్రోహెన్రీలలో 15 ఆంపియర్లు తగ్గడానికి 33 వోల్టులతో పట్టే సమయం 1.8 మైక్రోసెకన్లు. నువ్వు చూసింది అదే. ఈ వృత్తిలో ఇంత ముచ్చటైన సందర్భాలు తరచూ రావు.

ఇప్పుడు వేడిలెక్క గారు అడిగిన వాట్లు. 62 వోల్టుల దగ్గర 15 నుంచి సున్నాకు దిగే కరెంటు, 1.8 మైక్రోసెకన్లు. చుట్టుకు 0.84 మిల్లీజౌల్. చీమంత. కానీ సెకనుకు 20 వేల చుట్లు. గుణించు.

వేడిలెక్క · జూన్ 27, రాత్రి 8.20

17 వాట్లు! మాస్టారూ, ధన్యవాదాలు. నా నాలుగుతో కలిపి 21. వాటుకు 5 డిగ్రీల చొప్పున 105 పెరుగుదల. పెట్టె 50తో కలిపితే హీట్‌సింకు 155, జంక్షన్ 180 చుట్టూ. 175 గీత దాటింది. బల్ల మీద గది 33 డిగ్రీలు, పరీక్ష పది నిమిషాలే కాబట్టి అంచుకు ఇవతలే ఆగిపోయింది. 44ఎన్ నిరోధం దీనికి రెట్టింపు పైన, అందుకే ముందే పోయింది.

ఒక చిన్న సవరణ మాత్రం చేస్తాను. దీన్ని వోల్టేజీ చంపిందని అనకూడదు. ఈ రకం మాస్‌ఫెట్లు అవలాంచ్‌ను తట్టుకునేలా తయారైనవి. అప్పుడప్పుడు వచ్చే స్పైకును, అంటే క్షణకాలపు వోల్టేజీ పోటును, మింగి ఊరుకుంటాయి. చంపింది వేడే.

పాత థైరిస్టర్ · జూన్ 27, రాత్రి 8.41

మేడమ్, శవపరీక్షలో వేడి అని రాయండి, అభ్యంతరం లేదు. కానీ వేడిని పంపింది వోల్టేజీ. పైగా మాస్‌ఫెట్ కాబట్టి మింగింది. మా రోజుల్లో థైరిస్టర్ అనే స్విచ్చు మీద ఇలా వోల్టేజీ దాటిస్తే అది అడగకుండానే ఆన్ అయిపోయేది. ఒక్కోసారి ఒక మూల నుంచి ఆన్ అయి, కరెంటంతా ఆ మూలలోనే దూరి, సిలికాన్‌కు చిల్లు పడేది. కరెంటు దాటితే వేడెక్కడానికి కొంత వ్యవధి ఉంటుంది, ఫ్యూజు పని చేయవచ్చు. వోల్టేజీ దాటితే ఆ వ్యవధి ఇచ్చే పరికరాలు తక్కువ. అందుకే ఎప్పుడూ మొదట స్కోపు, తర్వాత క్లాంప్ మీటరు అంటాను.

అసలుసరుకు గారి సలహా గురించి: రెండు పక్కపక్కన కలిపితే 220 అవుతుంది, 55 మాత్రం 55గానే ఉంటుంది. ఏది ముందు తెరుచుకుంటే ఆ ముక్కే 17 వాట్లూ మింగుతుంది. రెండోది తమాషా చూస్తుంది.

కొత్తమీటరు · జూన్ 27, రాత్రి 9.02

అయితే పక్కపక్కన కాకుండా ఒకదాని వెనక ఒకటి కలిపితే 110 వోల్టులు కాదా? మళ్లీ మధ్యలో వచ్చాను, తిట్టకండి.

పాత థైరిస్టర్ · జూన్ 27, రాత్రి 9.30

ఈసారి మంచి ప్రశ్నే. దీనికి జవాబు మన ఊళ్లోనే ఉంది. గాజువాకలో హెచ్‌వీడీసీ, అంటే అధిక వోల్టేజీ డీసీ కేంద్రం ఉంది. తూర్పు గ్రిడ్డుకూ దక్షిణ గ్రిడ్డుకూ మధ్య విద్యుత్తును ఏసీ నుంచి డీసీకి, అక్కడే డీసీ నుంచి ఏసీకి మార్చి దాటించే చోటు. 500 మెగావాట్లవి రెండు. ఒకటి 1999లో, రెండోది 2005లో వచ్చాయి. 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్డు మిగతా దేశంతో కలిసేదాకా ఆ రెండు గ్రిడ్లు ఒక తాళంలో నడిచేవి కావు, అందుకే ఈ ఏర్పాటు.

అక్కడి వోల్టేజీని ఒక్క థైరిస్టర్ ఎక్కడ మోయగలదు? అందుకని వరుసగా పేరుస్తారు. కానీ పేర్చి వదిలేయరు. ఏ రెండు ముక్కలూ అచ్చం ఒకేలా ఉండవు. ఒకటి రవ్వంత ఆలస్యంగా ఆన్ అయినా, ఒకటి రవ్వంత తక్కువ లీకైనా, వోల్టేజీ అంతా దాని నెత్తినే పడుతుంది. అందుకే ప్రతి ముక్కకూ అడ్డంగా వోల్టేజీని సమానంగా పంచే రెసిస్టర్లు, వేగమైన మార్పులకు రెసిస్టర్, కెపాసిటర్ జత పెడతారు. అవసరానికి మించి కొన్ని ముక్కలు అదనంగా వేస్తారు. ఆ రకం థైరిస్టర్ పోతే షార్టు అయిపోతుంది కాబట్టి మిగతావి పని నడిపిస్తాయి.

24 వోల్టుల పంపుకు ఇంత సంసారం ఎందుకు? 100 వోల్టుల ముక్క ఒకటి కొనడం తేలిక.

రెండు స్పీకర్లు · జూన్ 27, రాత్రి 10.00

తేలికే గానీ ఊరికే రాదు మాస్టారూ. వోల్టేజీ పెరిగితే ఆన్ నిరోధం పెరుగుతుంది. ఐఆర్ఎఫ్540ఎన్ 100 వోల్టులది, 44 మిల్లీఓమ్‌లు. 15 ఆంపియర్లకు దాదాపు 10 వాట్లు, వేడెక్కితే ఇంకా ఎక్కువ. స్పైకు పోయినా హీట్‌సింకు కాలుతూనే ఉంటుంది. డయోడ్‌ను బోర్డు మీదికి తెచ్చేస్తే చాలు, 3205నే ఉంచవచ్చు.

వేడిలెక్క · జూన్ 27, రాత్రి 10.18

నాదీ అదే అభిప్రాయం. డయోడ్ బోర్డు మీదికి వస్తే ఆ నాలుగు మీటర్ల వైరు మోటారులో భాగమైపోతుంది, దాని కరెంటుకూ దారి దొరుకుతుంది. బ్యాటరీ వైపు వైరుకు కూడా ఇండక్టెన్స్ ఉంటుంది కాబట్టి బోర్డు మీద మంచి కెపాసిటర్ ఒకటి పెట్టాలి, మాస్‌ఫెట్‌కు, డయోడ్‌కు వీలైనంత దగ్గరగా. అప్పుడు శిఖరం 40 దాటదు. 55కు అది 73 శాతం. చాలు.

పాత థైరిస్టర్ · జూన్ 27, రాత్రి 10.45

ప్రయోగశాలలో చాలు. బోటు మీద చాలదు. ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్లు పచ్చగా చిలుము పట్టి వదులవుతాయి. ఇంజను నడుస్తూ ఆల్టర్నేటర్ ఛార్జ్ చేస్తున్నప్పుడు ఆ టెర్మినల్ ఒక్క క్షణం వదిలిందనుకోండి, అప్పుడు వచ్చే స్పైకుకు 55 వోల్టులు ఏ లెక్కా కాదు. స్పైకును మింగే డయోడ్, 33 వోల్టుల టీవీఎస్ పెట్టుకోవచ్చు, కానీ అది పూర్తి బలంతో అడ్డుకునే చోటు 53 వోల్టులు. 55 పక్కన 53 పెట్టి నిద్రపోగలరా? నేను పోలేను.

ఐఆర్ఎఫ్3710 చూడు కుర్రాడా. 100 వోల్టులు, 23 మిల్లీఓమ్‌లు. 540 కంటే సగం వేడి. టీవీఎస్ కూడా పెట్టు. రెండిటి మధ్య దూరం ఉంటుంది.

హార్బర్ కుర్రాడు · జూలై 4, రాత్రి 8.15

మేడమ్ చెప్పినట్టు డయోడ్ మార్చాను, మాస్టారు చెప్పినట్టు 3710 వేశాను. ఇద్దరికీ కోపం రాదు కదా.

చేసిన పనులు: మోటారు రబ్బరు మూత కింది డయోడ్ తీసేసి, 100 వోల్టుల షాట్‌కీ డయోడ్‌ను బోర్డు మీద డ్రెయిన్ కాలికి ఒక సెంటీమీటరు దూరంలో పెట్టాను. పక్కనే 63 వోల్టుల 1000 మైక్రోఫారాడ్ కెపాసిటర్, దానికి తోడు 1 మైక్రోఫారాడ్ ఫిల్మ్ కెపాసిటర్. బ్యాటరీ వైర్లు రెండూ మెలిపెట్టి తెచ్చాను. గేటు రెసిస్టర్ 10 ఓమ్‌ల నుంచి 22కు పెంచాను. బ్యాటరీ టెర్మినళ్లు గీకి, బిగించి, గ్రీజు పూశాను. మాస్టారు చెప్పిన చిలుము నిజంగానే ఉంది, నట్టు చేత్తో తిరిగింది.

పాత హీట్‌సింకు 3710 వేడికి చాలదేమోనని, కిటికీ చట్రంలోంచి మిగిలిన అల్యూమినియం పట్టీ అడుగున్నర పొడవుది కింద బిగించాను. మధ్యలో మైకా, పేస్టు.

స్కోపు మళ్లీ అరువు తెచ్చాను. శిఖరం 37 వోల్టులు, సూదిమొనలా ఉంది, చదును లేదు. నిన్న సరుకు బాగా పడింది, 50 నిమిషాలు ఆపకుండా నడిపారు. మాస్‌ఫెట్ పక్కన థర్మామీటరు 71 చూపింది. పెట్టె లోపల 49.

నీటి చుక్క వేసి చూశాను. ఎగరలేదు, అలాగే ఉండి మెల్లగా ఆరిపోయింది.

అసలుసరుకు · జూలై 4, రాత్రి 8.40

3710 ఎక్కడ కొన్నావు తమ్ముడూ? కెపాసిటెన్స్ చూశావా?

హార్బర్ కుర్రాడు · జూలై 4, రాత్రి 8.44

వేయక ముందే చూశాను అన్నా.